కొట్టము కట్టుటకు ఖర్చెంత?

(ప్రసంగ పాఠము)



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో పశువు లేని రైతుకుటుంబము అరుదు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో ఎద్దులు, బర్రెలు; వనపర్తి చెల్క భూములలో గొర్రెలు, మేకలు; నల్లమల అంచు పల్లెలలో ఆవుల మందలు తరతరములుగా మన ఆస్తి. అయినను, ఆ ఆస్తికి నిలువ నీడ కల్పించు విషయములో మనము చేయు ఆలోచన మిక్కిలి తక్కువ. కొట్టము కట్టవలెనని తోచగానే, మేస్త్రిని పిలిచి “ఎంతవుతుంది?” అని అడుగుదుము. అతడొక మొత్తము చెప్పును. అది ఎక్కువో తక్కువో, అందులో ఏది అవసరమో, ఏది అనవసరమో తేల్చుకొనుటకు మనయొద్ద ఆధారముండదు. ఆ ఆధారమును మీ చేతికందించుటయే ఈనాటి మా ప్రసంగ లక్ష్యము.

మేము చెప్పబోవునది నాలుగు ప్రక్కల గోడలు కట్టిన భవనమును గురించి కాదు. గుంజలు భూమిలో పాతి, వానిపై దూలములు, వాసములు వేసి, పైన కప్పు పరచిన కొట్టమును గురించి. ఇందు బరువునంతయు గుంజలే మోయును, గోడలు మోయవు. పునాది త్రవ్వి గోడలెత్తు పని లేదు గనుక, తక్కువ ఖర్చుతో ఎక్కువ చోటు కప్పగల పద్ధతి ఇదియే. మన తాతలు ఎరిగిన ఈ పద్ధతినే అమెరికా రైతులు 1930 ప్రాంతములలో, తీగలు మోయు స్తంభముల వంటి పొడవైన కొయ్యలతో, పెద్ద ఎత్తున చేపట్టిరి. అచ్చట ఆ కొయ్యలు దశాబ్దముల తరబడి నిలుచుటకు తోడ్పడిన మందులలో ఒకటి మన దేశములోనే పుట్టినది. 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో శొంఠి కామేశంగారు రాగి, క్రోమియము, ఆర్సెనిక్ లవణములను కలిపి, చెదలు పట్టని, కుళ్ళని విధముగ కొయ్యకు ఎక్కించు మందును కనుగొనిరి. అది ప్రపంచమంతట వాడుకలోనికి వచ్చినది. అయితే ఆర్సెనిక్ విషము. అమెరికాలో 2003 చివరినుండి నివాసగృహముల పనులకు దాని వాడుకను నిలిపివేసిరి. కావున అట్టి మందు పట్టిన పాత కొయ్య ఎక్కడనైన చవుకగా దొరికినను, పశువులు నాకు గాడికి, కంచెకు దానిని వాడరాదు, పొయ్యిలో కాల్చరాదు.

ముందు కొలత, పిదప ఖర్చు

కొట్టము ఖర్చును నిర్ణయించు మొదటి విషయము కొలత. కావలసిన దానికంటె పెద్దది కట్టుట ఎంత నష్టమో, ఇరుకుగా కట్టుట అంతకంటె ఎక్కువ నష్టము. ఇరుకులో జీవములకు జబ్బులు త్వరగా అంటుకొనును. ఒకదాని కొమ్ము ఒకదానికి తగులును.

మన దేశపు ప్రమాణముల ప్రకారము కప్పు క్రింద ఆవుకు 3.5 చదరపు మీటర్లు, బర్రెకు 4, చిన్న దూడకు 1, గొర్రెకు గాని మేకకు గాని 1, పొట్టేలుకు 3.4, గొర్రెపిల్లకు 0.4 చదరపు మీటరు చోటు చాలును. చదరపు మీటరు అనగా దరిదాపు పదుముప్పావు చదరపు అడుగులు. తిరుగుటకు ఆరుబయట, కంచె లోపల, ఇంతకు రెండింతలు చోటుండవలెను. అచ్చట కప్పు అవసరము లేదు. ఒక చెట్టు నీడ ఉన్న చాలును.

ఇప్పుడు లెక్క చూడుడు. రెండు బర్రెలు, రెండు ఆవులు, రెండు దూడలున్న ఇంటికి కావలసినది 17 చదరపు మీటర్లు, అనగా సుమారు 183 చదరపు అడుగులు. గాడికి, పేడ ఎత్తు దారికి కొంత కలుపుకొన్నను 250 అడుగులు దాటదు. 2017లో ప్రారంభమైన గొర్రెల పంపిణీ పథకము క్రింద ఒక్కొక్క కుటుంబమునకు ఇరువది గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున నిర్ణయించిరి. ఆ మందనే తీసికొన్నచో, ఇరువది పిల్లలతో కలిపి సుమారు 31 చదరపు మీటర్లు, అనగా 340 అడుగులు చాలును. పదునాలుగు అడుగుల వెడల్పు, ఇరువదియైదు అడుగుల పొడవు గల కొట్టము సరిపోవును. ఇంతమాత్రము లెక్క వేసికొనక, ప్రక్కవాడు కట్టినాడని ఇరువది ముప్పది అడుగుల కొట్టము కట్టువారు, తమ సొమ్ములో దాదాపు సగము ఖాళీ నేలను కప్పుటకే వెచ్చింతురు. మంద పెరిగినప్పుడు పొడవు పెంచుకొనుటకు ఒక కొసను విడిచిపెట్టినచో చాలును. గుంజల కొట్టమునకున్న గొప్ప సౌకర్యమే అది.

వెడల్పు విషయములో మాత్రము తొందరపడరాదు. పొడవు పెరిగిన కొలది ఖర్చు అదే పాళ్ళలో పెరుగును. వెడల్పు పెరిగిన కొలది దూలము లావెక్కవలెను, నడుమ గుంజలు కావలెను, కప్పు ఎత్తు పెరుగును. ఖర్చు పాళ్ళు తప్పి పోవును.

నేల కొలత వేరు, కప్పు కొలత వేరు

మేస్త్రితో బేరమాడునప్పుడు అందరును పొరబడు చోటిది. ఇరువది అడుగుల వెడల్పు, ముప్పది అడుగుల పొడవు కొట్టమునకు నేల 600 చదరపు అడుగులు. కాని చూరు రెండు ప్రక్కల రెండేసి అడుగులు, కొసలయందు ఒక్కొక్క అడుగు బయటికి రావలెను. కప్పు మూడడుగులకు ఒక అడుగు చొప్పున వాలుగా ఉండవలెను. ఇవన్నియు కలిపిన కప్పు 810 అడుగులగును. రేకు మీద రేకు ఎక్కించుటకు నూటికి పది వంతులు కలుపుకొన్నచో, కొనవలసినది సుమారు 900 అడుగులు. నేలకు ఒకటిన్నర రెట్లు! అడుగుకు నూరు రూపాయలని బేరము కుదిరినదనుకొందము. నేల కొలత ప్రకారమైన అరువది వేలు; కప్పు కొలత ప్రకారమైన తొంబది వేలు. కావున “అడుగుకు ఇంత” అని చెప్పినప్పుడు, “ఏ అడుగు?” అని అడిగి, కాగితముపై వ్రాయించుకొనుడు. అందులో గుంజలు, మేకులు, బోల్టులు, రవాణా కలిసియున్నవో లేవో కూడ వ్రాయించుకొనుడు.

ఇనుప రేకులు అడుగు లెక్కన అమ్మినను, అసలు విలువ బరువులోనే ఉన్నది. అర మిల్లీమీటరు మందముగల రేకు చదరపు మీటరుకు దాదాపు నాలుగు కిలోలు తూగును, 0.35 మిల్లీమీటరు రేకు రెండుముప్పావు కిలోలు మాత్రమే. పైన చెప్పిన 900 అడుగులకు మొదటిది 330 కిలోలు, రెండవది 230 కిలోలు. రంగులో, మెరుపులో రెండింటికి భేదము కనబడదు. కాటాపై తూచి చూచినచో నూరు కిలోల ఇనుము లేదని తెలిసిపోవును. పలుచని రేకు కొనుట తప్పు కాదు. మందపు రేకు ధర ఇచ్చి పలుచనిది తెచ్చుకొనుట తప్పు.

కప్పులలో ఏది చవుక?

బోదగడ్డి కప్పు చల్లన. చేతి కష్టముతో అయిపోవును. కాని రెండు మూడేండ్లకొకసారి మార్చవలెను. చెదలకు, నిప్పుకు భయపడవలెను. కోసి తెచ్చుకొను గడ్డి దగ్గరలేని ఊళ్ళలో అదియును కొనుగోలు సరుకే. రేకు కప్పు మొదట ఎక్కువ ధర. కాని చాలకాలము నిలుచును.

రెండింటిని సరిపోల్చుటకు సులభమైన మార్గము ఏడాది ఖర్చు చూచుట. ఉదాహరణకు గడ్డి కప్పు పదివేలై రెండేండ్లు నిలిచినచో ఏడాదికి ఐదువేలు. రేకుల కప్పు అరువదివేలై ఇరువదియేండ్లు నిలిచినచో ఏడాదికి మూడువేలు. ధరలు మీ ఊరివి వేసికొనుడు. పద్ధతి మాత్రము ఇదియే. చేతిలో డబ్బున్నవానికి రేకు చవుక. అప్పు తెచ్చువానికి లెక్క మారును. ఆ సంగతి ముందు చెప్పెదము.

రేకుకు ఉన్న పెద్ద లోపము వేడి. మే నెలలో మన పాలమూరు ఎండకు రేకుల క్రింద నిలిచిన బర్రె రొప్పుచుండును, మేత తగ్గించును, పాలు తగ్గించును. దీనికి మందు మూడు. చూరు ఎనిమిది అడుగులకు తక్కువ లేకుండ ఎత్తుట. కొట్టము పొడవు తూర్పు పడమరలుగా ఉంచుట. వేసవి రాగానే రేకులపై సున్నము కొట్టుట. దిక్కు మార్చుటకు పైసా ఖర్చు లేదు. ముగ్గు పోయునాడే ఆలోచించిన చాలును. రేకుపై కంది కట్టె, వరిగడ్డి పరచిన మరింత చల్లబడును. కాని అది నిప్పంటుకొను వస్తువు గనుక వంటపాకకు, కరెంటు తీగలకు దూరముగా ఉన్న కొట్టముపైననే వేయవలెను.

సిమెంటు రేకులలో రాతినార ఉన్నచో, దానిని కోయునప్పుడు, రంధ్రములు చేయునప్పుడు లేచు దుమ్ము ఊపిరితిత్తులకు హానికరము. అట్టి రేకులను నీటితో తడిపి, ముక్కుకు గుడ్డ గట్టిగ కట్టుకొని పనిచేయవలెను. పగిలిన ముక్కలను పిల్లలు ఆడుకొను చోట పారవేయరాదు.

గుంజ, నేల, గాలి

ఎనిమిది అడుగులు పైకి కనబడవలెనన్న, మూడడుగులు భూమిలో ఉండవలెను. కావున పదునొకండు అడుగుల గుంజ కొనవలెను. నడుమ వరుస గుంజలు కప్పు వాలును బట్టి పదునాలుగున్నర అడుగులు కావలెను. ముప్పది అడుగుల కొట్టమునకు పదేసి అడుగుల ఎడముతో నాలుగు వరుసలు. వరుసకు మూడు చొప్పున పన్నెండు గుంజలు. ఎడము తగ్గించినచో గుంజలు పెరుగును, వాసములు సన్నబడును. ఎడము పెంచినచో ఇందుకు విరుద్ధము. మీ ఊరిలో ఏది చవుకగా దొరకునో దానిని బట్టి నిర్ణయించుకొనుడు.

గుంజకు వేప, తుమ్మ, నీలగిరి, ఇనుప గొట్టము, రాతి కడీ అన్నియు పనికివచ్చును. కొయ్య గుంజ సాధారణముగా నేల మట్టమునకు సరిగా అటు జానెడు ఇటు జానెడు మేర కుళ్ళును. చెదలును అచ్చటినుండియే ఎక్కును. పాతు భాగమును పైపైన కాల్చి తారు పూయుట పాత పద్ధతి. అంతకంటె మేలైనది, పొట్టి రాతి కడీని భూమిలో పాతి, దానికి కొయ్య గుంజను రెండు బోల్టులతో బిగించుట. రాయికి చెదలు లేవు. మన గుట్టలలో రాయికి కరవు లేదు. గుంజ పాడైనప్పుడు బోల్టులు విప్పి మార్చుకొనవచ్చును. ఒక హెచ్చరిక: సొంత పొలములోని చెట్టు కొట్టుటకు కూడ 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము వర్తించును. ముందుగా అనుమతి విషయము విచారింపవలెను. నల్లమలలో, అమ్రాబాదు పులుల అభయారణ్యములో కొయ్య కొట్టుట నేరము. చవుకగా వచ్చిన దొంగకలప కడకు అన్నిటికంటె ఖరీదైన కలప యగును.

నేలను బట్టి కూడ ఖర్చు మారును. ఎర్ర చెల్కలో, మొరము నేలలో మూడడుగుల గుంత చాలును. నడిగడ్డలోని నల్లరేగడిలో అట్లు కాదు. రేగడి వానకు ఉబ్బును, ఎండకు నెర్రెలు విచ్చును. గుంజను ఏటేట కదలించును. అచ్చట రేగడి పొర దాటి గట్టినేల తగులువరకు త్రవ్వి, తీసిన మట్టిని తిరిగి పోయక, మొరము పోసి, జానెడు జానెడు చొప్పున నీరు చల్లి దిమ్మిస కొట్టవలెను. ఈ ఖర్చు తప్పించుకొన్నవాని కొట్టము కొద్ది ఏండ్లలోనే ప్రక్కకు ఒరగును.

చోటు ఎన్నుకొనుటలో నీటిని మరువరాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణ పొంగినప్పుడు అలంపురము, రాజోలి ప్రాంతములు మునిగినవి. ఏటి అంచున, వాగు దారిలో పాతిన గుంజ ఎంత బలమైనదైనను వరదకు ఆగదు. ఊరికి ఎగువన, నీరు జారిపోవు మిట్టపై కట్టినచో మట్టి నింపు ఖర్చు కూడ తప్పును.

ఇక గాలి. గోడలు లేని కొట్టమును గాలి త్రోయుట కంటె ఎక్కువగా పైకెత్తును. గొడుగు తిరగబడినట్లు కప్పు తిరగబడును. అందుచేతనే గుంజ లోతు, రేకులను పట్టు బోల్టులు, గుంజకు దూలమునకు మధ్య ఏటవాలుగా కొట్టు అడ్డకట్టెలు ముఖ్యములు. మొత్తము ఖర్చులో వీని భాగము స్వల్పము. కాని పొదుపు పేర అందరును మొదట కోయునది వీనినే. 2024 మే 26వ తేదీన వీచిన గాలివానకు నాగర్‌కర్నూలు జిల్లా తాడూరు మండలము ఇంద్రకల్ గ్రామములో, నిర్మాణములోనున్న కోళ్ళ షెడ్డు కూలి నలుగురు మరణించిరి. అది మనకందరకు కనువిప్పు కావలెను. సగము లేచిన గోడకు, కప్పు బిగియని గుంజలకు పట్టు ఉండదు. కట్టుచున్న కాలములోనే ప్రమాదము హెచ్చు. కావున ఎండకాలపు గాలిదుమారములు మొదలుకాకముందే పని ముగించుడు. ఏ పూటకు ఆ పూట నిలబెట్టిన గుంజలను తాళ్ళతో నాలుగు దిక్కుల కట్టి ఉంచుడు. గాలి లేచినప్పుడు ఎవ్వరును, పనివారు గాని పిల్లలు గాని, దాని నీడకు చేరరాదు. కొట్టము తిరిగి కట్టుకొనవచ్చును. మనిషి తిరిగి రాడు.

అడుగున వేయు నేల

పాడి పశువులకు గరుకైన గట్టి నేల, నలుబది అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు కావలెను. ఇరువది అడుగుల వెడల్పుకు ఆరంగుళముల వాలన్నమాట. నున్నని నాపబండలు తడిసినచో పశువు కాలు జారును. చూలు పశువు పడినచో నష్టము ఇంతింత గాదు. గొర్రెలకు సిమెంటు అవసరమే లేదు. మొరము దిమ్మిస కొట్టి, పొడిగా ఉంచి, అప్పుడప్పుడు సున్నము చల్లిన చాలును. తడి నేలలో గిట్టలు చెడును. పనికిరాని చోట సిమెంటు పోయుట, అవసరమైన చోట బోల్టులు మానుట — ఈ రెండును ఒకే ఇంట కనబడుచున్నవి.

సిమెంటు కొనువారు బిల్లు చూచుకొనవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి సిమెంటుపై జి.ఎస్.టి. నూటికి 28 నుండి 18కి తగ్గినది. మూలధర మూడువందలున్న బస్తాపై పన్ను 84 రూపాయలు కాక 54 రూపాయలే. బిల్లు లేనిదే ఆ తగ్గింపు మనకు చేరినదో లేదో తెలియదు.

కూలి, రవాణా, వడ్డీ

పాలమూరు కూలీలు దేశములో ఎన్నో ఆనకట్టలు కట్టిరి. ఆ చేతులకు ఒక కొట్టము కట్టుట గొప్ప పని కాదు. గుంతలు త్రవ్వుట, మొరము తోలుట, నేల దిమ్మిస కొట్టుట, కంది కట్టెతో, పత్తి కట్టెతో తడకలు అల్లుట ఇంటివారే చేసికొనగలరు. కొలతలు నిలుపుట, దూలము ఎక్కించుట, రేకులు బిగించుట మాత్రము పనివానికి వదలుడు. పైకెక్కి చేయు పనిలో అనుభవము లేనివాడు మిగుల్చు కూలికంటె ఆసుపత్రి ఖర్చు ఎక్కువ.

రవాణా మరొక ముల్లు. ఒక్కొక్కరు ఒక్కొక్క ట్రాక్టరు తెచ్చుటకంటె, ఊరిలో నలుగురు కలిసి ఒక లారీ సరుకు తెప్పించినచో అందరికిని కలిసివచ్చును. మహిళా సంఘములున్న ఊళ్ళలో ఇది కష్టము కాదు.

అన్నిటికంటె పెద్ద ఖర్చు కొట్టములో కనబడదు, అది వడ్డీ. నూటికి రెండు రూపాయల వడ్డీ అనగా నెలకు రెండు, ఏడాదికి ఇరువదినాలుగు. లక్ష రూపాయలు అట్లు తెచ్చి, నాలుగేండ్లకు తీర్చినచో వడ్డీయే తొంబదియారు వేలు. ఒక కొట్టము మనము కట్టుకొని, ఇంకొకటి షావుకారుకు కట్టి ఇచ్చినట్లు! అట్టి అప్పు తప్పనిదైనచో, రేకుల ఆశ మాని, ఈ ఏడు బలమైన గుంజలు పాతి గడ్డి కప్పుడు. గుంజలు స్థిరముగా ఉన్నచో రేకులు మరియొక పంటకు ఎక్కించుకొనవచ్చును. ఇంతకుముందు చెప్పెదమన్న లెక్క ఇదియే.

ప్రభుత్వ సహాయమును గురించి ఒక మాట. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము క్రింద అర్హులైన కుటుంబములకు పశువుల, గొర్రెల కొట్టములు కట్టుకొనుటకు వీలు కల్పించిరి. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానమున వేరొక చట్టమును ఆమోదించినది. కావున పాత నిబంధనలనే నమ్ముకొనక, ఇప్పుడు ఏది అమలులో ఉన్నదో పంచాయతీ కార్యదర్శిని, పశువైద్యాధికారిని అడిగి తెలిసికొనుడు. మంజూరు కాగితము చేతికందక ముందు పని ఆరంభింపకుడు. సరుకుల బిల్లులు జాగ్రత్తగా దాచుకొనుడు.

ఖర్చులోనుండి వచ్చు ఆదాయము

కొట్టము ఖర్చు మాత్రమే కాదు, రాబడి కూడ ఇచ్చును. పేడ, మూత్రము ఒకచోట చేరినచో ఎరువు చెడదు. చూరు క్రింద దోనె అమర్చినచో వాననీరు దక్కును. పైన చెప్పిన ఇరువది ముప్పది అడుగుల కొట్టముపై, 600 మిల్లీమీటర్ల వాన కురిసిన ఏట, వృథా పోయినది పోగా సుమారు ముప్పదినాలుగు వేల లీటర్లు పట్టవచ్చును. తొట్టి కట్టు స్తోమత లేనివారు ఆ నీటిని బోరుబావి ప్రక్క ఇంకుడు గుంతలోనికి మళ్ళించిన చాలును.

కడపటి మాట. కొట్టము కట్టదలచినవారు ముగ్గు పోయుటకు ముందు ఒక సాయంకాలము ఇంటిల్లిపాది కూర్చుండి ఒక కాగితముపై ఐదు సంగతులు వ్రాసికొనుడు: జీవములెన్ని, వానికి చోటెంత, నేల చెల్కయా, రేగడియా, గుంజ, కప్పు దేనితో, అవి ఎన్నేండ్లు నిలుచును, ఇంటి చేతులు చేయు పని ఏది, బయటివారు చేయు పని ఏది, డబ్బు ఎక్కడిది, దాని వడ్డీ ఎంత. లెక్క వేయుట ఇంటి ఆడవారికి కూడ అప్పగింపుడు. కొట్టములో రోజుకు రెండు పూటల పనిచేయువారు సాధారణముగా వారే, గాడి ఎంత ఎత్తుండవలెనో, పేడ ఎటు తీయవలెనో వారికి తెలిసినంత మేస్త్రికి తెలియదు. ఆ కాగితము చేతబట్టుకొని మేస్త్రిని పిలువుడు. అప్పుడు అతడు చెప్పు ధర మీకు అర్థమగును. తగ్గింపదగినది ఏదో, తగ్గింపరానిది ఏదో మీరే చెప్పగలరు.